అమ్మ రెండో డిగ్రీ

జూన్ 14, మంగళవారం
మధ్యాహ్నం, లాండ్రీ గది

చిరంజీవి లెక్చరరు గారికి,

కన్నతల్లి ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమమే. నువ్వూ క్షేమంగానే ఉండి ఉంటావు. ఒకరి కొంప ముంచినవాళ్ళకి ఆకలీ నిద్రా బాగానే ఉంటాయని విన్నాను. ఆశీర్వాదం ఆనవాయితీ కాబట్టి రాశాను. మనస్ఫూర్తిగా రాశానని భ్రమపడకు.

ఆదివారం నువ్వు ఫోనులో చెప్పిన మాటలకి అప్పుడే జవాబు చెప్పాల్సింది. నోరు పెగల్లేదు. తర్వాత నువ్వు నాలుగుసార్లు చేశావు, నేను ఎత్తలేదు. ఫోనులో అయితే నేను ఒకటంటే నువ్వు రెండంటావు, మధ్యలో అమ్మా అమ్మా అని అడ్డం పడతావు. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

సంగతి నీకు తెలిసిందే. అయినా మొదటినుంచీ రాస్తాను. చెప్పింది ఒకసారికి ఎక్కకపోవడం విద్యార్థులకే కాదు, లెక్చరర్లకీ ఉంటుందని ఈ మధ్యే తెలిసింది.

మూడేళ్ళ కిందట మా ఆసుపత్రికి పైనుంచి ఒక కాగితం వచ్చింది. రాష్ట్రంలో పనిచేసే పెద్దవాళ్ళలో డిగ్రీ ఉన్నవాళ్ళ శాతం తక్కువగా ఉందట, పెంచాలట. ఎవరికి తక్కువైందో, పెంచితే ఎవరి కడుపు నిండుతుందో అందులో రాయలేదు. మెట్ల దగ్గర గోడకి పెద్ద బొమ్మ కూడా అంటించారు. నల్లటోపీ పెట్టుకున్న నడివయసు మనిషి ఒకడు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటాడు. వాడి చేతులు చూస్తే ఒక్కరోజైనా పనిలోకి వెళ్ళినవాడిలా ఉండడు. ఆ కాగితం ప్రకారం ఏ విభాగానికైనా ఇన్‌ఛార్జిగా ఉన్నవాళ్ళు మేనేజ్‌మెంట్ చదివిన డిగ్రీ ఒకటి చూపించాలి. గడువు ఈ జూన్ ముప్పై. చూపించలేకపోతే కుర్చీ దిగి కింది పనిలోకి వెళ్ళాలి. నా పాత డిగ్రీ సబ్జెక్టు వేరు కాబట్టి పనికిరాదు. పైగా ఆ సర్టిఫికెట్టు ఇల్లు మారినప్పుడు పెట్టెతో సహా పోయింది. అందుకని నలభై ఎనిమిదేళ్ళ వయసులో దూరవిద్యలో చేరాను. సరదాకి చేరలేదు.

ఎలా చదివానో నువ్వు చూశావా? ఏడాదికి రెండుసార్లు చుట్టపుచూపుగా వచ్చే మనిషివి, నీకేం కనపడుతుంది. ఇక్కడ ఒక్కో మిషనూ గదంత ఉంటుంది. ఆవిరి గొట్టాలు బుస్సుమంటుంటే ఒకరి మాట ఒకరికి వినపడదు. మురికి దుప్పట్లు ఒకవైపు నుంచి వస్తాయి, ఉతికినవి ఇంకోవైపు నుంచి పోతాయి. పది మడిచాక పదోదాన్ని అడ్డంగా పెట్టాలి, లెక్క తప్పకుండా. ఆ అడ్డంగా పెట్టినదాని మీదే పుస్తకం పెట్టుకుని చదివాను. పేజీలు ఆవిరికి ఉబ్బి అప్పడాల్లా అయ్యాయి. ఇంటికెళితే మీ నాన్న వెక్కిరింతలు. ఒక డిగ్రీ ఉన్న పెళ్ళాంతోనే ముప్పై ఏళ్ళు వేగాను, రెండోది కూడా వస్తే నేను మోటార్లు బాగుచేసే షెడ్డులోనే పక్క వేసుకుంటాను అనేవాడు. నవ్వుతూనే టీ పెట్టి ఇచ్చేవాడు, అది వేరే విషయం. ఆయనకున్న పాటి జాలి నీకు లేకపోయింది.

పద్నాలుగు పేపర్లు గట్టెక్కాను. ఒక్కటి మిగిలింది, ఆ పాడు స్టాటిస్టిక్స్. ఆ జవాబుపత్రాల కట్ట వెళ్ళి వెళ్ళి నీ బల్ల మీదే పడాలా? పడిందే అనుకో. పేరు లేదు, నంబరే ఉంది. రెండో జవాబు చదివేసరికి చేతిరాత పోల్చుకున్నానని నువ్వే చెప్పావు. పోల్చుకున్నదానివి కట్ట మూసి, ఇది మా అమ్మది, నేను దిద్దకూడదు అని పెద్దవాళ్ళకి అప్పగించాల్సింది కదా? అది మీ నియమమే కదా? నియమాలన్నీ పక్కవాళ్ళకి చెప్పడానికే కాబోలు. కూర్చుని, కలం తీసి, నిదానంగా ముప్పై ఒకటి వేశావు. పాసు మార్కు ముప్పై ఐదు. కంచే చేను మేసిందంటే ఏమిటో నాకు ఆదివారం తెలిసింది.

ఇప్పుడు ఆ అయిదో ప్రశ్న సంగతి. పదిహేను మార్కుల ప్రశ్నకి నాలుగు వేశావు. ఒకానొక రాష్ట్రంలో పెద్దవాళ్ళు అరవై లక్షలు, అందులో పనిచేసేవాళ్ళు నలభై లక్షలు, ఆ పనిచేసేవాళ్ళలో డిగ్రీ ఉన్నవాళ్ళు పన్నెండు లక్షలు. శాతం కట్టి, వివరించమన్నారు. నేను పన్నెండుని అరవైతో భాగించి ఇరవై శాతం అన్నాను. నువ్వు నలభైతో భాగించాలి, ముప్పై శాతం అంటావు. పనిచేసేవాళ్ళలో ఎంతమంది అని కదమ్మా అడిగింది అని చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పావు.

నేను లెక్క తెలియక చేయలేదే. మా దగ్గర పద్ధతి అదే. నెలకి ఎన్ని దుప్పట్లు చిరిగాయి అంటే ఆసుపత్రికున్న మొత్తం దుప్పట్ల మీద కడతాం. మంచం మీదున్నదీ దుప్పటే, అల్మారాలో ఉన్నదీ దుప్పటే. ఆ రోజు ఉతుకులోకి వచ్చినవాటి మీద మాత్రమే కడితే అంకె పెద్దదైపోయి పైవాళ్ళు మా మీద కేకలేస్తారు. పదకొండేళ్ళుగా ప్రతి నెలా అలాగే కట్టి సంతకం పెడుతున్నాను, ఒక్కడూ తప్పనలేదు. చదువుకుని ఇంట్లో కూర్చున్నవాళ్ళని లెక్కలోంచి తీసేయడానికి వాళ్ళేమన్నా చిరిగిపోయారా? ఈ ముక్క జవాబులో కూడా రాశాను. నువ్వు దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టావట. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవాళ్ళని చాలామందిని చూశాను గానీ, అలాంటిదాన్ని నేనే కన్నానని తెలియదు.

వేరేవాళ్ళయితే సున్నా వేసేవాళ్ళు, నేను పద్ధతికి నాలుగు వేశాను అన్నావు. ఆ నాలుగూ ఎందుకు దానం చేశావు, అవీ నువ్వే ఉంచుకో.

వీటన్నిటికంటే నాకు ఒళ్ళు మండించిన మాట ఇంకొకటి ఉంది. నీకు ఆల్రెడీ ఒక డిగ్రీ ఉంది కదమ్మా, ఇది పోతే ఏమైంది, నవంబరులో మళ్ళీ రాయి అన్నావు. అదేదో బస్సు తప్పిపోయినట్టు. ఈ జూన్ ముప్పై దాటితే నవంబరు నాకెందుకు, నా తద్దినానికా? పదకొండేళ్ళు కూర్చున్న కుర్చీ దిగి, నేను పని నేర్పినవాళ్ళ ముందు ముక్కుకి గుడ్డ కట్టుకుని మురికి సంచులు విప్పాలి. అదీ ఎవరి ఎదురుగా అనుకున్నావు? ఇస్త్రీ అక్క ఎదురుగా. నాకంటే తొమ్మిదేళ్ళ ముందు చేరిన మనిషి, నాకు మడత నేర్పిన మనిషి, ఏడో తరగతి. ఇన్‌ఛార్జి పోస్టుకి అప్పట్లో ఆమె పేరూ నా పేరూ రెండే వెళ్ళాయి. డిగ్రీ ఉందని నాకిచ్చారు. ఆ రోజు ఆమె ఒక్కమాట అనలేదు. ఇప్పుడు కూడా అనదు. అదే నాకు భరించలేని విషయం.

మా ఉద్యోగాల వ్యవహారం చూసే పర్సనల్ ఆఫీసరు ఒకడు వచ్చాడు కొత్తగా. గోడనిండా తగిలించేటన్ని పట్టాలున్నాయట. వచ్చిన వారానికే అన్ని దుప్పట్లూ వేడినీళ్ళలో వెయ్యండి, క్రిములు చస్తాయి అన్నాడు. రక్తపు మరకకి ముందు వేడినీళ్ళు తగిలితే ఇక ఆ మరక దుప్పటితోనే పోతుందని ఇస్త్రీ అక్క చెబితే, మీరేం చదువుకున్నారని అడిగాడు. ముప్పై రెండు దుప్పట్లు పాడయ్యాక మళ్ళీ చన్నీళ్ళకి వచ్చాం. ఇలాంటివాళ్ళతో నిండితే మీ రాష్ట్రం శాతం పెరుగుతుంది. మంచాల మీద మరకలూ పెరుగుతాయి.

నువ్వు మాత్రం ఏం తక్కువ? పోయినేడాది మీ కాలేజీకి వచ్చినప్పుడు మీవాళ్ళకి నన్ను ఎలా పరిచయం చేశావో మర్చిపోయాననుకోకు. మా అమ్మ, ఆసుపత్రిలో పనిచేస్తుంది అన్నావు. అంతటితో ఆగిపోయావు. వాళ్ళు నర్సా అని అడిగితే, అడ్మినిస్ట్రేషన్ అన్నావు. లాండ్రీ అన్న రెండక్షరాలు నీ నోట్లోంచి రాలేదు. ఆ లాండ్రీ ఆవిరిలో ఉడికి తెచ్చిన జీతంతోనే నువ్వు చదివింది. ఆ రోజు నేను మీ క్యాంటీనులో కాఫీ తాగి, నీ స్నేహితులకి నమస్కారం పెట్టి, బస్సెక్కి ఇంటికొచ్చి మీ నాన్నతో చాలా బాగా చూసుకున్నారని చెప్పాను. నిన్ను వెనకేసుకొచ్చిన పాపం నాదే.

ఇక అసలు పని. దిద్దినవాళ్ళే తమ పొరపాటు ఒప్పుకుని కాగితం పెడితే మార్కులు సరిచేస్తారని మీ కాలేజీ గుమస్తాని అడిగి తెలుసుకున్నాను. అయిదో ప్రశ్నకి వేరే పద్ధతిలో కూడా జవాబు సరైనదే, దిద్దడంలో పొరపాటు జరిగింది అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టు. శుక్రవారం సాయంత్రం ఆఖరు. నాలుగు మార్కులు. నీ ఉద్యోగం పోదు, నీ పరువు పోదు. నీ చిన్నప్పుడు లెక్కల పేపరు మీద నీ మార్కులు దిద్దుకుని తెస్తే మీ నాన్నకి చెప్పకుండా సంతకం పెట్టిందాన్ని నేనే. అలాంటి సంతకం ఒకటి నాకిప్పుడు నీ చేత్తో కావాలి.

పెట్టకపోతే ఇక ఈ ఇంటికి రానక్కర్లేదు. బెదిరింపు కాదు. మీ నాన్నని చూడాలనిపిస్తే షెడ్డుకి వెళ్ళి చూసుకో, ఆయన ఎలాగూ అక్కడే ఉంటాడు. నిన్న రాత్రి భోజనం దగ్గర, దానికీ ఒక ధర్మం ఉంటుంది కదే, రోజూ యాభైమందిని దిద్దే పిల్ల అని నసిగాడు. ధర్మం మీద అంత మోజుంటే ధర్మాన్నే వండిపెట్టమనండి అని లేచి వచ్చేశాను.

ఇట్లు,
శుక్రవారం దాకా నీ తల్లి

తా.క.

అదే రోజు, సాయంత్రం అయిదు

కవరు అంటించబోతుంటే ఇస్త్రీ అక్క వచ్చింది. అందరి వివరాలూ మళ్ళీ రాసివ్వమని పర్సనల్ ఆఫీసులో ఫారాలిచ్చారు. ఆమె కళ్ళకి చిన్న అక్షరాలు ఆనవు, నన్ను నింపమంది. ఇంకో నాలుగు నెలల్లో రిటైరయ్యే మనిషికి ఈ ఫారం ఎందుకో ఆ దేవుడికే తెలియాలి. చదువు అన్న గడి దగ్గర నేను కలం ఆపాను. ఆమె నొచ్చుకుంటుందేమోనని ఏదో ఒకటి వేసేద్దామా అక్కా అన్నాను. ఏడు అని రాయవే, ఏడంటే ఏడే, దాచుకోవడానికి అదేమన్నా దొంగసొత్తా అంది. సంతకం పెట్టింది. వెళ్తూ వెళ్తూ, మన లాండ్రీలో డిగ్రీ గడిలో నువ్వొక్కదానివైనా ఉన్నావు, ఆ డిగ్రీ అమ్మాయికి మడత నేర్పింది నేనేనని మొన్న ఆ ఆఫీసరుతో చెప్పాను అంది. గర్వంగా చెప్పింది.

అప్పట్నుంచీ ఇలాగే కూర్చుని ఉన్నాను. మిషన్లు ఆగిపోయాయి. అందరూ వెళ్ళిపోయారు.

పైన రాసినదాంట్లో ఒక అబద్ధం ఉంది. మేనేజ్‌మెంట్ డిగ్రీయే కావాలని ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఏ డిగ్రీ అయినా చాలు, అసలు సర్టిఫికెట్టు చూపించాలి, అంతే. నాకు చూపించడానికి లేదు. పెట్టెతో పోలేదు. అసలు లేదు.

ఒక్క సంవత్సరం వెళ్ళాను కాలేజీకి. రెండు సబ్జెక్టులు పోయాయి. సిగ్గేసి మళ్ళీ ఆ గేటు తొక్కలేదు. పెళ్ళిలో పిల్ల కాలేజీ చదువు చదివిందని మా వాళ్ళు చెప్పారు, మీ నాన్న డిగ్రీ అనుకున్నాడు, నేను కాదనలేదు. ఈ ఉద్యోగంలో చేరినప్పుడు గుమస్తా ఎంతవరకు చదివావు అంటే కాలేజీ అన్నాను. అతను డిగ్రీ అని రాశాడు. నేను చూశాను. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఆ ఒక్కమాట మీద ఇస్త్రీ అక్క కుర్చీలో పదకొండేళ్ళు కూర్చున్నాను. అందరూ రెండో డిగ్రీ అనుకుంటున్నది నా మొదటిదే. అది వస్తే ఆ కాగితం చూపించి బయటపడదామనుకున్నాను, ఏ సంవత్సరం అని ఎవడు చూస్తాడులే అని. నీకు ఒకటి ఉంది కదమ్మా అని నువ్వన్నప్పుడు నాకు నోరు పెగలకపోవడానికి కారణం అదే. మీ నాన్నకి ఇంకా తెలియదు. నేనే చెబుతాను, నువ్వు చెప్పకు.

నువ్వు ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. నలభైతోనే భాగించాలి. నాకు పరీక్ష హాల్లోనే అనుమానం వచ్చింది, పొగరు కొద్దీ దిద్దుకోలేదు. రేపు పదింటికి పర్సనల్ ఆఫీసుకి వెళ్ళి నా ఫారం నేనే నింపి ఇస్తాను. ఇన్నేళ్ళు అబద్ధం చెప్పినందుకు కుర్చీతో పాటు ఉద్యోగమే పోవచ్చు. పోతే పోనీ. ముందు ఇస్త్రీ అక్కకి చెప్పాలి, అదే భయంగా ఉంది. ఉద్యోగం ఉన్నా లేకపోయినా నవంబరులో రాస్తాను.

పైన తిట్టినవన్నీ కొట్టేద్దామనుకున్నాను, మూడు పేజీలు కొట్టేయడానికి ఓపిక లేదు. అందులో ఆ అడ్మినిస్ట్రేషన్ అన్న మాట గురించి రాసింది మాత్రం నిజమే, అది ఉండనీ.

ఇంకొక్కటి చెప్పాలి. నువ్వు డిగ్రీ పాసై సర్టిఫికెట్టు పట్టుకుని ఇంటికొచ్చిన రోజు మీ నాన్న వీధిలో కనపడ్డవాళ్ళందరినీ పిలిచాడు. నువ్వు దాన్ని ముందు నా చేతిలోనే పెట్టావు. నేను చూసి, నడిచి వెళ్ళి చదివితే నాకు ఫస్టుక్లాసు వచ్చింది, బస్సులో వెళ్ళి చదివి నీకు సెకండుక్లాసా అన్నాను. నువ్వు దాన్ని తీసుకెళ్ళి అల్మారాలో బట్టల కింద పెట్టేశావు. ఆ రోజు నాకు వచ్చిన మార్కులంటూ ఏమీ లేవే తల్లీ. మీ నాన్న వైపు చూసినా నా వైపు చూసినా, ఈ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషివి నువ్వు. ఇన్నేళ్ళూ నిన్ను రెండోదాన్ని చేసి కూర్చోబెట్టాను.